మెదడుకు మేత మంచిదే, గ్లాసు సంగతేమిటి?

ఈ వారం శీర్షికను ఒక్క ఉత్తరానికే కేటాయిస్తున్నాను. పాతబస్తీలో శాలిబండ నుంచి ఒక పాఠకుడు రాశారు. పేరు ప్రకటించవద్దని కోరారు. ఉత్తరం పెద్దది కాబట్టి ముఖ్యమైన భాగాలు మాత్రం ఇస్తున్నాను.

"డాక్టరు గారికి నమస్కారములు. నా వయసు 52 సంవత్సరాలు. మేము నలుగురం చిన్ననాటి స్నేహితులం, ఒకే బడిలో చదువుకున్నాం. ఇద్దరు మియాపూర్, వనస్థలిపురం వైపు వెళ్ళిపోయారు. నేను, మరో మిత్రుడు మాత్రం పాతబస్తీలోనే ఉన్నాం. ఎవరి సంసారాలు వారివి. పెళ్ళిళ్ళలో తప్ప కలిసేది లేదు. అలాంటిది ఏడాది కిందట ఒకరి కొడుకు మమ్మల్ని జూబ్లీహిల్స్‌లో ఒక పబ్బుకు తీసుకెళ్ళాడు. వారానికి ఒక రాత్రి అక్కడ క్విజ్ పెడతారు. బల్లకు నలుగురైదుగురు ఒక జట్టు. మైకులో ప్రశ్న అడుగుతారు, కాగితం మీద జవాబు రాసివ్వాలి. మాకు చాలా నచ్చింది. అప్పటి నుంచి నెలకు రెండుసార్లు మాదాపూర్, గచ్చిబౌలి, సికింద్రాబాద్ అంటూ ఊరంతా తిరుగుతున్నాం. ఇప్పటికి ఏడు చోట్లు చూశాం.

"మొదటి రెండు రౌండ్లలో మేమే ముందుంటాం. నాలుగో రౌండుకు వెనకబడిపోతాం. తెలిసిన పేరే, నోటిదాకా వస్తుంది, బయటికి రాదు. ఇది మతిమరపు జబ్బుకు మొదలా? 'కొత్తిమీర తెమ్మంటే మరిచిపోతారు, 1983 ప్రపంచకప్పు స్కోరు మాత్రం గుర్తుంటుంది' అని మా ఆవిడ దెప్పుతోంది. అసలు ఈ క్విజ్‌ల వల్ల జ్ఞాపకశక్తి పెరుగుతుందా? నేను రెండు బీర్లు మించి తాగను. విస్కీ జోలికి పోను. ఎనిమిదేళ్ళుగా చక్కెర వ్యాధికి గ్లిమిపెరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర వాడుతున్నాను. పోయిన నెలలో ఒకనాడు అక్కడే తిందాంలే అని సాయంత్రం మాత్ర వేసుకుని వెళ్ళాను. పల్లీలు తప్ప ఏమీ తినలేదు. చెమటలు పట్టి, చేతులు వణికి, తిక్కతిక్కగా మాట్లాడానట. ఎక్కువైందని మావాళ్ళు నవ్వుకున్నారు. మాలో మందు ముట్టని మిత్రుడొకడున్నాడు. అతనే కారులో ఇంటికి తెస్తూ దారిలో షర్బత్ తాగించాడు, సర్దుకుంది. ఈ సరదా కొనసాగించవచ్చా?"

ఈ పాఠకుడు మతిమరపు గురించి కంగారుపడుతున్నారు. చెమటల సంగతి మాత్రం చివర్లో రెండు ముక్కల్లో తేల్చేశారు. నేను దాంతోనే మొదలుపెడతాను. ఆ రాత్రి ఆయనకు ఎక్కువైంది మద్యం కాదు, తక్కువైంది రక్తంలో చక్కెర అని నా గట్టి అనుమానం. షర్బత్తుతో సర్దుకోవడమే దానికి సాక్ష్యం. తాగినవాడికి షర్బత్ పోస్తే మత్తు దిగదు కదా!

ఆ చెమటలు ఎందుకు పట్టాయి?

మనం తిననప్పుడు రక్తంలో చక్కెర పడిపోకుండా చూసేది కాలేయం. తనలో దాచుకున్న నిల్వను కొంచెం కొంచెంగా వదులుతుంది, అవసరమైతే కొత్తగా తయారుచేస్తుంది. కడుపులోకి మద్యం పోగానే కాలేయం ఆ విషాన్ని విరిచే పనిలో పడుతుంది. చక్కెర తయారీ కుంటుపడుతుంది. మరోపక్క గ్లిమిపెరైడ్, గ్లిబెన్‌క్లమైడ్, గ్లిక్లజైడ్ వంటి మాత్రలు క్లోమం నుంచి ఇన్సులిన్‌ను బలవంతంగా విడుదల చేయిస్తూనే ఉంటాయి. పైగా ఆ పూట భోజనం లేదు. ఈ మూడూ కలిస్తే చక్కెర పడిపోక ఏమవుతుంది? ఇన్సులిన్ ఇంజెక్షన్ తీసుకునేవారికీ ఇదే ప్రమాదం.

చిక్కేమిటంటే చక్కెర పడిపోయినప్పుడు కనిపించే లక్షణాలు తాగినవాడి లక్షణాల్లాగే ఉంటాయి. చెమట, వణుకు, గుండెదడ, ఆకలి, మాట తడబాటు, కోపం, అడుగు తూలడం, చివరకు స్పృహ తప్పడం. నోటి నుంచి మద్యం వాసన వస్తుంటే చక్కెర సంగతి ఎవరికి తడుతుంది? "తాగి పడిపోయాడండీ" అని రాత్రిపూట తీసుకొచ్చిన మనిషి వేలికొసన ఒక్క చుక్క రక్తం తీసి చూస్తే, చక్కెర 40 దగ్గర ఉండటం సర్కారు ఆసుపత్రుల్లో పనిచేసిన ప్రతి డాక్టరుకూ ఎదురైన అనుభవమే. అలాంటివారిని ఇంట్లో ఒక మూల పడుకోబెట్టి, పొద్దున్నే లేస్తాడులే అని ఊరుకుంటే లేవకపోవచ్చు.

కనుక స్నేహితులు, ఇంట్లోవారు ఈ నాలుగు మాటలు గుర్తుంచుకోవాలి:

1. చక్కెర వ్యాధి మాత్రలు, ఇన్సులిన్ వాడే మనిషి తాగి వింతగా ప్రవర్తిస్తే ముందు చక్కెర పడిపోయిందనే అనుకోండి. గ్లూకోమీటరు ఉంటే చూడండి. 70 కంటే తక్కువైతే వెంటనే చికిత్స కావాలి. మీటరు లేకపోతే దానికోసం వెతుకుతూ కాలయాపన చేయవద్దు.

2. మనిషి మింగగలిగే స్థితిలో ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించండి. పండ్లరసమైనా, షర్బత్తైనా సరే. చాక్లెట్ పనికిరాదు. అందులోని కొవ్వు వల్ల చక్కెర రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. పావుగంటలో తేరుకోకపోతే మళ్ళీ ఇవ్వండి. తేరుకున్నాక రొట్టెలో, అన్నమో పెట్టండి.

3. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒక పక్కకు ఒత్తిగిల్లబెట్టి 108కి ఫోన్ చేయండి. "చక్కెర మందు వాడతాడు" అన్న ముక్క మొదటే చెప్పండి.

4. సర్దుకుంది కదా అని నిశ్చింతగా పడుకోవద్దు. గ్లిమిపెరైడ్ వంటి మాత్రల ప్రభావం చాలా గంటలు ఉంటుంది. తెల్లవారుజామున చక్కెర మళ్ళీ పడిపోవచ్చు. అందుకే అలాంటివారిని ఆసుపత్రిలో ఉంచి గమనిస్తాం.

శాలిబండ పాఠకుడు ఈ వారమే తన డాక్టరు దగ్గరికి వెళ్ళి జరిగినదంతా దాచకుండా చెప్పాలి. మందు సంగతి డాక్టరుకు చెప్పడానికి సిగ్గుపడి మాత్రల మోతాదు మార్చుకునే అవకాశం పోగొట్టుకున్నవారు చాలామంది. ఆయనను కాపాడిన మిత్రుడికి నా అభినందనలు అందజేయండి.

రెండు బీర్లంటే ఎంత?

"విస్కీ జోలికి పోను, బీరు మాత్రమే" అని చాలామంది ధీమాగా చెబుతారు. లెక్క చూద్దాం. 30 మిల్లీలీటర్ల చిన్న పెగ్గు విస్కీలో సుమారు 10 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. 650 మిల్లీలీటర్ల పెద్ద సీసా బీరు 5 శాతంది అయితే అందులో 25 గ్రాములుంటుంది. అంటే రెండున్నర చిన్న పెగ్గులు. 'స్ట్రాంగ్' అని రాసి ఉన్న 8 శాతం బీరైతే సీసాకు 40 గ్రాములు దాటుతుంది. అవి రెండు తాగితే ఎనిమిది చిన్న పెగ్గులు తాగినట్టే! ఒక్క కూర్చోవడంలో 60 గ్రాములు దాటితే దాన్ని అతిగా తాగడం కిందనే ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కిస్తుంది.

కాలేయం గంటకు సుమారు 7 నుంచి 10 గ్రాములు మాత్రమే విరవగలదు. దాన్ని తొందరపెట్టే ఉపాయం లేదు. నిమ్మరసం, మజ్జిగ, కాఫీ, చన్నీళ్ళ స్నానం ఏవీ పనిచేయవు. రెండు స్ట్రాంగ్ బీర్లు తాగి రాత్రి పదకొండున్నరకు లేచిన మనిషి రక్తంలో మర్నాడు పొద్దున ఆఫీసుకు బండి తీసే వేళకు కూడా ఆల్కహాలు మిగిలి ఉండవచ్చు. మన చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. మొదటిసారికే పదివేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. జరిమానా కట్టి బయటపడవచ్చు. రోడ్డు మీద తగిలిన తల దెబ్బకు అలాంటి సౌకర్యం లేదు.

"మితంగా తాగితే గుండెకు మంచిదట కదా?" అని నన్ను అడగని వారం ఉండదు. ఆ నమ్మకానికి ఇప్పుడు బలం లేదు. ఆరోగ్యానికి హాని చేయని మోతాదంటూ మద్యానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా ప్రకటించింది. మద్య పానీయాలు క్యాన్సర్ కలిగిస్తాయని క్యాన్సర్ పరిశోధనకు చెందిన అంతర్జాతీయ సంస్థ 1988లోనే తేల్చింది. నిద్రమాత్రలు, జలుబు మాత్రలు వేసుకునేవారికి మద్యంతో కలిసి మత్తు రెట్టింపవుతుంది. ఊపిరి మందగించే ప్రమాదం కూడా ఉంది.

ఒక హెచ్చరిక. రోజూ ఎక్కువగా తాగే అలవాటున్నవారు ఇది చదివి ఒక్కసారిగా మానేయవద్దు. వణుకు, ఫిట్స్, భ్రమలు రావచ్చు. డాక్టరు పర్యవేక్షణలోనే మానాలి. 14416 నంబరుకు ఫోన్ చేస్తే ప్రభుత్వ టెలి-మానస్ సేవలో తెలుగులోనే సలహా చెబుతారు.

నాలుగో రౌండులో జవాబులు ఎక్కడికి పోతాయి?

ఇప్పుడు మతిమరపు సంగతి. మొదటి రౌండులో ముందుండి, నాలుగో రౌండులో వెనకబడటం మతిమరపు జబ్బు కాదు. ఆ జబ్బు రాత్రి ఎనిమిదిన్నరకు లేకుండా పదకొండింటికి రాదు. ఆల్కహాలు ముందుగా మెదడులో ఆచితూచి నిర్ణయించే భాగాన్ని మందగింపజేస్తుంది. అందుకే తాగిన జట్టు తప్పు జవాబును కూడా గట్టిగా బల్ల గుద్ది చెబుతుంది. కొత్త విషయాలను ముద్రవేసే భాగం కూడా దెబ్బతింటుంది. ఆ రాత్రి విన్న కొత్త సంగతులు మర్నాటికి మిగలవు. మద్యం తాగితే త్వరగా నిద్రపట్టే మాట నిజమే గాని రెండో జాములో ఆ నిద్ర ముక్కలవుతుంది. నేర్చుకున్నది మెదడులో స్థిరపడేది నిద్రలోనే. కాబట్టి క్విజ్‌కు వెళ్ళి నేర్చుకున్న దానిలో సగం గ్లాసులోనే పోతుందన్నమాట.

మందు ముట్టని మిత్రుడి జవాబులు, మిగతావారి జవాబులు రౌండు వారీగా ఒక కాగితం మీద రాసి చూడండి. నేను చెప్పేకంటే ఆ కాగితమే బాగా చెబుతుంది.

ఇక పేరు నోటిదాకా వచ్చి ఆగిపోవడం. ఇది ఇరవై ఏళ్ళవారికీ ఉంటుంది, వయసు పెరిగినకొద్దీ ఎక్కువవుతుంది. ముఖ్యంగా మనుషుల పేర్ల విషయంలో. 'వడ్రంగి' అనగానే ఉలి, చెక్క, బల్ల ఎన్నో మనసుకు వస్తాయి. ఒక మనిషి పేరుకు అలాంటి కొక్కేలు తక్కువ. మనిషి ముఖం, సినిమా, సంవత్సరం అన్నీ గుర్తుంటాయి, పేరులోని శబ్దం మాత్రం అందదు. దానికోసం తన్నుకులాడితే తప్పు పేరే అడ్డుపడుతూ ఉంటుంది. వదిలేసి వేరే ప్రశ్నకు వెళ్ళండి, కాసేపటికి అదే వస్తుంది. కొత్తిమీర మరచిపోవడం కూడా చాలావరకు మతిమరపు కాదు, చెప్పినప్పుడు చెవి పెట్టకపోవడం. ఈ విషయంలో మీ ఆవిడదే న్యాయం!

మరి ఎప్పుడు భయపడాలి? తెలిసిన గల్లీలో దారి తప్పడం, ఒకే ప్రశ్నను పది నిమిషాల్లో నాలుగుసార్లు అడగడం, డబ్బు లెక్కలు తారుమారు కావడం, వంట, పూజ, దుకాణం వంటి అలవాటైన పనులు చేయలేకపోవడం, మనిషి స్వభావమే మారిపోవడం. ఇవి కనిపిస్తే ఆలస్యం చేయవద్దు. వయసు మీద పడిందిలే అని సరిపెట్టుకోవద్దు. థైరాయిడ్ లోపం, విటమిన్ బి12 లోపం, దిగులు, నిద్రలేమి, మద్యం వల్ల వచ్చే మతిమరపు చికిత్సతో బాగుపడుతుంది.

బి12 మాట ఈ పాఠకునికి ప్రత్యేకంగా చెబుతున్నాను. మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడితే కొందరిలో బి12 తగ్గిపోతుంది. పాలు, గుడ్లు, మాంసం తినని వారిలో మరీను. అరికాళ్ళ మంటలు, తిమ్మిర్లు, మరుపు కలగవచ్చు. ఎనిమిదేళ్ళుగా వాడుతున్నారు కాబట్టి ఒకసారి రక్తపరీక్ష చేయించుకోండి. పరీక్ష లేకుండా ఒక్క ఫోలిక్ ఆసిడ్ మాత్రలే మింగితే రక్తహీనత తగ్గినట్టు కనిపించి, నరాల దెబ్బ మాత్రం లోలోపల సాగుతుంది.

క్విజ్ వల్ల మేలు ఎంత?

క్విజ్ ఆడితే జ్ఞాపకశక్తి మొత్తంగా పెరుగుతుందని నేను చెప్పను. ఏది సాధన చేస్తే అందులోనే నేర్పు వస్తుంది. రాజధానుల పేర్లు వల్లెవేసినవాడు తాళంచెవులు ఎక్కడ పెట్టాడో మరచిపోవచ్చు. కాని కొంత మేలు కాదనలేనిది. న్యూయార్క్‌లో 75 ఏళ్ళు దాటిన 469 మందిని ఏళ్ళ తరబడి గమనించి 2003లో ఫలితాలు ప్రకటించారు. చదవడం, బల్లమీది ఆటలు ఆడటం, వాద్యం వాయించడం, నాట్యం చేయడం అలవాటున్నవారిలో మతిమరపు జబ్బు తక్కువగా కనిపించింది. జబ్బు తొలిదశలో ఉన్నవారు ముందే ఆటలు మానేయడం వల్ల కూడా అలా కనిపించి ఉండవచ్చు. అందువల్ల దీన్ని మందు చీటీలా రాసివ్వలేం.

స్నేహితులను కలవడం మాత్రం గట్టి మేలే. 2024లో లాన్సెట్ పత్రిక నిపుణుల సంఘం మతిమరపు జబ్బుకు దారితీసే 14 కారణాలను లెక్కించింది. వాటిని సరిదిద్దుకుంటే ఈ జబ్బులో దాదాపు 45 శాతాన్ని తప్పించడమో, వాయిదా వేయడమో సాధ్యమని చెప్పింది. ఆ జాబితాలో ఒంటరితనం ఉంది. చక్కెర వ్యాధి, రక్తపుపోటు, అతిగా తాగడం, వినికిడి తగ్గడం, తలకు దెబ్బ కూడా ఉన్నాయి. మీ క్విజ్ రాత్రి ఒంటరితనాన్ని తీసేసి, మిగతా వాటిలో రెండు మూడింటిని నెత్తికెత్తుతోంది. మొదటిదాన్ని ఉంచుకుని మిగతావి వదిలించుకోవడమే మనం చేయాల్సింది.

వినికిడి అన్నాను కనుక ఒక మాట. చేతిదూరంలో ఉన్న మనిషితో కేకవేసి మాట్లాడవలసి వస్తోందంటే అక్కడి మోత 85 డెసిబెల్స్ దగ్గర ఉందని అర్థం. 100 డెసిబెల్స్ మోతలో పావుగంట దాటితే చెవికి హాని. స్పీకరు పక్క బల్ల వద్దనండి. క్విజ్ తర్వాత చెవుల్లో గుయ్యిమంటే అది హెచ్చరికే.

చార్మినార్ దగ్గరే ఆడుకోరాదా?

ప్రశ్నలాటకు పబ్బే కావాలా? హైదరాబాదులో కె-సర్కిల్ అనే క్విజ్ సంఘం 1972లోనే ఏర్పడింది. మందు లేకుండానే ఊరికి క్విజ్ అలవాటు చేసింది. అంతకు ఎంతో ముందే మన అవధానం ఉంది. ఎనిమిది మంది పృచ్ఛకులు ఎనిమిది వైపుల నుంచి ప్రశ్నలు వేస్తుంటే, గంటలు లెక్కపెడుతూ, అప్రస్తుత ప్రసంగికి జవాబు చెబుతూ, చివరకు పద్యాలన్నీ ధారణ చేసి అప్పజెప్పాలి. పాతబస్తీ ఉర్దూ ఇళ్ళలో బైత్‌బాజీ ఉంది. ఒకరు చదివిన కవిత ఏ అక్షరంతో ముగిస్తే రెండో జట్టు ఆ అక్షరంతో అందుకోవాలి. గ్లాసు పట్టుకుని ఈ రెండూ చేసినవారెవరూ నాకు తెలియదు.

నా సలహా ఇది. నెలకు రెండు క్విజ్‌లలో ఒకటి మీ పేటకు మార్చండి. సాయంత్రం ఆరింటికి మదీనా చౌరస్తా దగ్గర కలిసి పత్తర్‌గట్టీ మీదుగా చార్మినార్ దాకా నడవండి. ఇరానీ హోటల్లో కూర్చోండి. ఒక్కొక్కరు ఇంటి నుంచి పది ప్రశ్నలు రాసి తేవాలి. చదివినదాన్ని మళ్ళీ చదవడం కంటే, పుస్తకం మూసి తనను తాను ప్రశ్నించుకుంటే ఎక్కువకాలం గుర్తుంటుందని 2006లో జరిగిన ప్రయోగాలు బాగా రుజువు చేశాయి. ఇరానీ చాయ్‌లో చక్కెర, పాలు రెండూ దండిగానే ఉంటాయి కాబట్టి చక్కెర వ్యాధి ఉన్నవారు 'వన్ బై టూ' చెప్పుకోండి. ఉస్మానియా బిస్కట్టు ఒకటి చాలు. రాత్రి ఏడు దాటాక చాయ్ తాగితే నిద్ర చెడుతుంది.

ప్రశ్నలకు కరువా? మలేరియా క్రిమిని దోమలో రొనాల్డ్ రాస్ కనిపెట్టింది ఏ ఊళ్ళో, ఏ తేదీన? సికింద్రాబాద్‌లో, 1897 ఆగస్టు 20న. క్లోరోఫారం ఎంతవరకు క్షేమమో తేల్చడానికి 1888, 1889లలో ప్రయోగాలు చేసిన కమిషన్లు ఏ ఊరి పేరుతో ప్రసిద్ధం? మన ఊరి పేరుతోనే. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తువైద్యురాలిగా చెప్పుకునే రూపాబాయి ఫర్దూన్‌జీ ఎక్కడివారు? ఇక్కడివారే. ఫోలిక్ ఆసిడ్‌పై కృషి చేసిన తెలుగు శాస్త్రవేత్త ఎవరు? భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. 1908 మూసీ వరదలో వందమందికి పైగా ప్రాణాలు నిలుపుకున్నది ఏ చెట్టెక్కి? అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు.

రెండో క్విజ్‌కు పబ్బుకే వెళ్ళాలనిపిస్తే వెళ్ళండి. ఇంట్లో వేళకు భోంచేసి వెళ్ళండి. గ్లాసులో నిమ్మకాయ సోడా పోయించుకోండి. జేబులో చక్కెర పొట్లం, చక్కెర వ్యాధి ఉందని రాసిన చీటీ ఉంచుకోండి. ఆ చీటీ సంగతి బల్ల దగ్గర ముగ్గురికీ తెలియాలి. ఎం.జి.బి.ఎస్.లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారితే జూబ్లీహిల్స్, మాదాపూర్ వైపు చేరవచ్చు. చివరి బండి వేళ ముందే చూసుకోండి. ప్రతిసారీ కారు నడిపే బాధ్యత ఆ ఒక్క మిత్రుడి మీదే వేయడం న్యాయం కాదు.

మీ డాక్టరు మందులు సరిచేసేవరకు మాత్రం బీరు పూర్తిగా బంద్. ఒక్క సీసా కూడా వద్దు. స్నేహితులను మాత్రం వదలకండి. ఈ వయసులో చిన్ననాటి నేస్తాలు నలుగురు ఒకే బల్ల చుట్టూ చేరడం అందరికీ దొరికే భాగ్యం కాదు. పరీక్షల ఫలితాలు వచ్చాక మళ్ళీ ఉత్తరం రాయండి.